బ్రిటిష్ లైసెన్సుతో పోలండ్ వెళ్తున్నారా? లైసెన్సు తీసుకెళ్లండి, కారు మాత్రం వద్దు

మీ ప్రశ్న చదివాను. మీ ఇద్దరికీ బ్రిటిష్ పాస్‌పోర్టులు, మీ ఆయనకు పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరంలో ఉద్యోగం వచ్చింది. బ్రిటన్‌లోని మీ కారు తీసుకెళ్లాలా, లైసెన్సు చెల్లుతుందా, పోలండ్‌లో రోజులు ఎలా గడుస్తాయి, ఏడాదికి మూడు నెలలు వచ్చి ఉండే మీ అత్తగారికి పొద్దుపోతుందా అని అడిగారు. మేమూ ఇదే దారిన వచ్చినవాళ్లం. నాది తెనాలి. 14 ఏళ్లు ఇంగ్లండ్‌లో రీడింగ్ అనే ఊళ్లో ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకుని, 2021 ఆగస్టులో వ్రోత్స్వాఫ్ చేరాం. చేసిన తప్పులతో సహా చెబుతాను.

ముందు కారు సంగతి. మేం మా కారుతోనే వచ్చాం. మంచి బండి, అప్పు తీరిపోయింది, దాన్ని అయినకాడికి అమ్ముకోవడం ఎందుకని. అది పొరపాటు. కాగితాలతో తిప్పలు ఉన్నమాట నిజమే కానీ, అసలు కారణం అది కాదు.

బ్రిటన్‌లో అయినా మన ఊళ్లో అయినా డ్రైవరు కూర్చునేది రోడ్డు మధ్య గీత వైపు. పక్క సీటువాళ్లు అంచు వైపు. ఇన్నేళ్లూ మనం ఆలోచించకుండా సరైన పక్కన నడుపుతున్నామంటే, 'నా భుజం మధ్య గీత వైపు ఉండాలి' అని ఒంటికి అలవాటైపోవడం వల్లే. పోలండ్‌లో కొన్న కారులో స్టీరింగు ఎడమన ఉంటుంది, నడిపేది కుడి పక్కన. అక్కడా డ్రైవరు మధ్య గీత పక్కనే. అంటే ఆ అలవాటు అలాగే పనికొస్తుంది. అదే బ్రిటన్ కారు తెస్తే మీరు రోడ్డు అంచున కూర్చుంటారు. కళ్లు ఒకటి చెబుతాయి, ఒళ్లు ఇంకోటి చెబుతుంది.

ట్రాఫిక్‌లో ఏమీ కాదు, ముందు బండి వెనకాల పోతాం. ప్రమాదం ఖాళీ రోడ్డు మీద. మేం వచ్చిన మూడో నెలలో ఒక ఆదివారం, పొద్దున్న ఆరు గంటలకు పెట్రోల్ బంకులోంచి బయటికొచ్చి ఎడమకు తిరిగాను. మంచు, మసక వెలుతురు, ఎదురుగా ఒక్క బండి లేదు. నా భుజం మధ్య గీత పక్కన ఉంది కాబట్టి అంతా సరిగ్గా ఉన్నట్టే అనిపించింది. ఒక రెండు వందల మీటర్లు హాయిగా ఎడమ పక్కన పోయాను. దూరంగా రెండు లైట్లు. అవి నా ఎదురుగానే వస్తున్నాయని నాకు తట్టలేదు. వెనక సీట్లోంచి మా పాప "అమ్మా, కుడి! కుడి!" అని అరిచింది. ఆ వ్యాను డ్రైవరు అప్పటికే బండి ఆపేసి, లైట్లు వేసి తీసి చేస్తున్నాడు. కుడికి లాగి పక్కన ఆపుకున్నాను. చేతులు వణుకుతుంటే పది నిమిషాలు స్టీరింగు పట్టుకోలేకపోయాను. ఈ జవాబు రాయడానికి కారణం ఆ పది నిమిషాలే.

ఓవర్‌టేక్ ఇంకో బాధ. వ్రోత్స్వాఫ్ నుంచి క్వోద్జ్కొ కొండల వైపు వెళ్లే 8వ నంబరు రోడ్డు చాలా దూరం ఒకే వరస. ముందు ఒక లారీ ఉంటే కుడి సీట్లో ఉన్న మా ఆయనకు దాని వెనక తలుపులు తప్ప ఏమీ కనపడవు. ఎడమన కూర్చున్న నేను మెడ బయటికి చాచి "వస్తోంది... ఆగు... ఇంకోటుంది... ఇప్పుడు ఖాళీ" అని చెప్పాలి. భార్యాభర్తలు పడే పనికిమాలిన గొడవలన్నీ ఆ రోడ్డు మీదే పడ్డాం.

అయినా తెస్తామంటే తేవచ్చు. కుడి స్టీరింగు కార్లను 2015 నుంచి పోలండ్‌లో రిజిస్టరు చేస్తున్నారు. యూరోపియన్ కోర్టు తీర్పు వచ్చాక తెరిచిన దారి అది. హెడ్‌లైట్లు కుడి పక్క ట్రాఫిక్‌కు సరిపోయేవి వేయించాలి, వెనక ఫాగ్ లైటు ఎడమకు మార్పించాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపించాలి. బ్రెగ్జిట్ తర్వాత కస్టమ్స్ కూడా ఉంది. కనీసం ఆరు నెలలు మీ పేరున ఉండి మీరు వాడిన కారైతే, ఇల్లు మారేవాళ్ల సామాను కింద సుంకం లేకుండా వదులుతారు. కానీ అలా వచ్చిన కారును 12 నెలలు అమ్మకూడదు. మాకు మూడో నెలలోనే వద్దనిపించినా, ఈ నిబంధన వల్ల 13 నెలలు దాన్నే ఈడ్చాం. చివరికి అమ్మబోతే కుడి స్టీరింగు కారు అడిగేవాడు లేక చాలా నష్టపోయాం. మీరు అక్కడే అమ్మేసి, ఇక్కడ ఎడమ స్టీరింగుది కొనుక్కోండి.

ఇక్కడ కొనేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. తప్పనిసరి ఇన్సూరెన్సు, వీళ్లు 'ఓత్సె' అంటారు, మనిషికి కాదు, కారుకు. బ్రిటన్‌లోలా పాలసీలో పేరున్నవాళ్లే నడపాలని లేదు. మీ కారు మీ చెల్లెలు నడిపినా ఆ ఓత్సె వర్తిస్తుంది. సెకండ్ హ్యాండ్ కారు కొంటే పాత యజమాని ఓత్సె కూడా దాంతోపాటే మీకొస్తుంది. కానీ అది దానంతటది మళ్లీ ఏడాదికి సాగదు, గడువు తేదీ చూసుకోండి. కారు షెడ్డులో పడున్నా సరే, ఒక్క రోజు ఖాళీ వస్తే జరిమానా. ప్రైవేటు మనిషి దగ్గర కొంటే ధర మీద రెండు శాతం పన్ను కూడా మీరే కట్టాలి. మీ బ్రిటన్ ఇన్సూరెన్సు కంపెనీ దగ్గర, ఇన్నేళ్లుగా క్లెయిమ్ చేయలేదని ఉత్తరం తీసుకుని బయల్దేరండి. నేనడిగిన మొదటి కంపెనీ దాన్ని చేత్తో కూడా ముట్టుకోలేదు, రెండో కంపెనీ చూసి తగ్గించింది. నాలుగైదు చోట్ల అడగాల్సిందే.

లైసెన్సు: పోలండ్‌లో నివాసం మొదలైనప్పటి నుంచి ఆరు నెలలు బ్రిటిష్ లైసెన్సుతో నడపవచ్చు. ఈలోగా మార్పించుకోవాలి. సిటీ ఆఫీసులో వాహనాల విభాగానికి వెళ్లి అర్జీ పెట్టాను. పరీక్ష పెట్టలేదు. వాళ్లు బ్రిటన్‌కు రాసి సరిచూసుకునేసరికి నెల పైన పట్టింది, కాబట్టి గడువు చివరిదాకా ఆగకండి. పాత లైసెన్సు వాళ్లే ఉంచేసుకుంటారు, ముందే రెండు వైపులా ఫోటో తీసి పెట్టుకోండి. పోలిష్ లైసెన్సు ఉన్నవాళ్లు కార్డు జేబులో పెట్టుకోనక్కర్లేదు, పోలీసులు కంప్యూటరులో చూసుకుంటారు. బ్రిటిష్ కార్డు ఉన్నన్నాళ్లు మాత్రం వెంట ఉండాలి.

రోడ్డు నియమాల్లో పుస్తకం చదివితే వచ్చేవి వదిలేస్తాను. ఊళ్లో 50, బయట 90, ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద 120, మోటార్‌వే మీద 140, అన్నీ కిలోమీటర్లు. పగలైనా ఏడాది పొడుగునా హెడ్‌లైట్లు వేసే ఉండాలి. ఊళ్లో పరిమితికి మించి 50 దాటితే మూడు నెలలు లైసెన్సు పోతుంది. ప్రభుత్వ మోటార్‌వేల మీద 2023 జులై నుంచి కార్లకు టోలు లేదు, కాతోవిత్సె నుంచి క్రాకూఫ్ వెళ్లే ఏ4 ప్రైవేటుది కాబట్టి అక్కడ కట్టాలి.

మనల్ని పట్టుకునేవి వేరే ఉన్నాయి. సిగ్నల్ ఎరుపులో ఉండగా పక్కన చిన్న పచ్చ బాణం వెలుగుతుంది. అది 'పో' అని కాదు. ముందు పూర్తిగా ఆగి, నడిచేవాళ్లను, అడ్డంగా వచ్చే బండ్లను చూసి, అప్పుడు తిరగాలి. ఇక్కడివాళ్లలోనే చాలామంది ఆగరు. మీరు ఆగితే వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వండి. ఆగడమే చట్టం, పైగా ఆ బాణం వెలిగినప్పుడే పిల్లలు జీబ్రా దాటుతుంటారు.

ట్రాము ఇంకోటి. కొన్ని స్టాపుల్లో ప్లాట్‌ఫారం ఉండదు, ట్రాము రోడ్డు మధ్యలో ఆగుతుంది, తలుపులు తెరుచుకోగానే జనం నేరుగా మీ వరసలోకే దిగుతారు. అక్కడ ఆగాల్సింది మీరు. గుర్తులేమీ లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాడికి దారివ్వాలి, 'ప్రావా రెంకా' అంటే కుడి చెయ్యి అని దీని పేరు. బ్రిటన్‌లో ఈ నియమమే లేదు కాబట్టి మనకు తోచదు. నివాస వీధుల్లో ఎంత చిన్న సందులోంచి వచ్చినా, కుడి నుంచి వస్తే అతనిదే ముందు. ఇక 2021 జూన్ నుంచి, జీబ్రా మీదికి అడుగు పెడుతున్న మనిషికి కూడా ముందు హక్కు ఇచ్చారు, అప్పటికే దాటుతున్నవాళ్లకే కాదు. అది మంచి మార్పు. మా పాప బడికి నడిచి వెళ్తుంది, నాకు ఆ తేడా తెలుసు.

మందు విషయం మీ ఆయనకు గట్టిగా చెప్పండి. ఇంగ్లండ్‌లో లీటరు రక్తంలో 0.8 గ్రాముల ఆల్కహాల్ దాకా ఊరుకుంటారు, ఇక్కడ 0.2. దాటితే శిక్ష, 0.5 దాటితే నేరం కేసే. రాత్రి పార్టీ అయిన మర్నాడు పొద్దున్న ఏడింటికి రోడ్డుకు అడ్డంగా పోలీసులు నిలబడి వచ్చిన ప్రతి కారునూ ఆపి ఊదిస్తారు. అనుమానం ఉండక్కర్లేదు. తాగిన రాత్రి ఒక్కటే కాదు, మర్నాడు పొద్దున్న కూడా ట్రామే.

పెట్రోల్ బంకులో పంపు మీద 'ఓ, ఎన్' అని రెండు ఇంగ్లిషు అక్షరాలు కనిపిస్తే పంపు పనిచేస్తోందని అనుకోకండి. అది డీజిల్‌కు పోలిష్ పేరు, పొడి అక్షరాల్లో. చలికాలం టైర్లు చట్టప్రకారం తప్పనిసరి కాదు, కానీ అందరూ మారుస్తారు, మీరూ మార్చండి. మొదటి మంచు పడ్డాక 'వుల్కనిజాత్సియ' అని బోర్డున్న టైర్ల షాపుకు వెళ్తే రెండు వారాలు తిప్పుతారు, అక్టోబరులోనే చెప్పి పెట్టుకోండి.

రోజువారీ బతుకులో మొదటి పని 'పెసెల్', అంటే ప్రభుత్వం ఒక్కో మనిషికి ఇచ్చే 11 అంకెల గుర్తింపు నంబరు. అది లేకపోతే డాక్టరు దగ్గర చీటీ నుంచి ఫోన్ కనెక్షన్ దాకా ప్రతిదీ ఆగిపోతుంది. తర్వాత ఇంటి అడ్రసు నమోదు, నివాస కార్డు. బ్రిటిష్ పాస్‌పోర్టు ఇప్పుడు 180 రోజుల్లో 90 రోజుల సందర్శనకే పనికొస్తుంది, కాబట్టి కార్డు సంగతి ఆలస్యం చేయొద్దు. ఇంటి యజమాని అడ్రసు నమోదుకు ఒప్పుకుంటాడా లేదా అన్నది అద్దె ఒప్పందం మీద సంతకానికి ముందే అడగండి. మా మొదటి యజమాని తర్వాత ఒప్పుకోలేదు, దాంతో మూడు నెలలు వృథా.

ఆదివారాలు పెద్ద దుకాణాలు మూసి ఉంటాయి, ఏడాదిలో కొన్ని ఆదివారాలు తప్ప. శనివారమే పాలు, కూరలు తెచ్చుకోండి. మొదటి రెండు నెలలు మాకు ఆదివారం మధ్యాహ్నం పచ్చడి మెతుకులే.

భాష కష్టమే, కానీ మనకు ఒక సౌలభ్యం ఉంది. మన 'మీరు', 'గారు' లాగే వీళ్లకు 'పాన్', 'పాని' ఉన్నాయి. కొత్తవాళ్లను నేరుగా 'నువ్వు' అనరు. పైగా పోలిష్‌లో విభక్తులు ఏడు, పేరు పెట్టి పిలవడానికి విడిగా ఒక రూపం. సంబోధన అంటే ఏమిటో మన బళ్లో చెప్పారు కాబట్టి నాకు వెంటనే అర్థమైంది, మా ఇంగ్లిషు స్నేహితురాలికి నెల పట్టింది. లిఫ్టులోకి అడుగు పెడితే, డాక్టరు గది బయట కూర్చోబోతే, 'జెన్ దొబ్రి' అనండి, మన నమస్కారం లాంటి పలకరింపు. నవ్వకపోయినా జవాబిస్తారు. ఇంటికి పిలిస్తే చెప్పులు గుమ్మం దగ్గరే విప్పుతారు. బ్రిటన్‌లో నాకు లోటుగా ఉన్నది అదే.

మీ అత్తగారి విషయం. మా అత్తయ్యకు మొదటి వారం ఏమీ తోచలేదు. తర్వాత ఒకరోజు షాపులో 'ష్చావ్' అని ఆకుకూర సీసా కనిపిస్తే తెచ్చాను. మూత తీసి వాసన చూసి, వేలితో నాకి, "ఇది మన చుక్కకూరేనే" అన్నారు. నిజంగానే ఆ జాతి మొక్కే, వీళ్లు దానితో పుల్లటి సూప్ చేసుకుంటారు. సీసాలోది ఉప్పుగా ఉంటుంది, పప్పులో వేసేటప్పుడు ఉప్పు తగ్గించుకోండి. వసంతంలో సంతలో కట్టలుగా పచ్చిది దొరుకుతుంది. ఆవిడ ఇప్పుడు ట్రాములో ఒక్కరే వెళ్లి తెస్తారు.

వీలైతే ఆవిడను నవంబరుకు రమ్మనండి. నవంబరు 1న ఇక్కడ అందరూ తమవాళ్ల సమాధుల దగ్గరికి వెళ్లి, గాజు చిమ్నీల్లో దీపాలు పెట్టి వస్తారు. చీకటి పడ్డాక శ్మశానమంతా ఎర్రగా, పసుపుగా వెలుగుతుంటుంది. గడ్డకట్టే చలిలోనూ మైనం వాసనతో గాలి వెచ్చగా అనిపిస్తుంది. మనకు దాదాపు అదే రోజుల్లో కార్తీకమాసం. అత్తయ్య ఎవరూ రాని ఒక పాత సమాధి దగ్గర ఆగి, ఒక దీపం కొనిమ్మన్నారు. పక్కన నిలబడ్డ ముసలావిడ తన అగ్గిపెట్టె ఇచ్చింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, కాసేపు అలాగే నిలబడ్డారు.

ఆ రోజు మాత్రం కారు తీయకండి. శ్మశానాల చుట్టూ రోడ్లు మూసేస్తారు, పార్కింగు దొరకదు. జనం కోసం అదనంగా బస్సులు, ట్రాములు వేస్తారు, వాటిలోనే వెళ్లండి.