పాముకి బతికున్న పొలం ఎలుకలు వెయ్యొచ్చా?

రైతు సందేహాలు – నిపుణుల సలహాలు

ప్రశ్న: అయ్యా, మాది నరసన్నపేట దగ్గర పల్లె. రెండెకరాల్లో వరి వేస్తాం. మా అబ్బాయికి విశాఖపట్నంలో ఉద్యోగం. రెండేళ్ల కిందట బాల్ పైథాన్ అనే విదేశీ పాముని కొన్నాడు. ఇప్పుడు ఇంటి నుంచే పని కాబట్టి వాడితో పాటు పాము కూడా మా ఇంటికే వచ్చింది. పట్నంలో ఉన్నప్పుడు ఐసులో పెట్టిన తెల్ల ఎలుకలు కొని పెట్టేవాడు. ఇక్కడ అవి దొరక్క, కోతలయ్యాక కుప్పల దగ్గర బుట్టలు పెట్టి పట్టిన ఎలుకల్ని బతికుండగానే వేస్తున్నాడు. మొన్న రాత్రి వేసిన ఎలుక తెల్లారేసరికి పాముని కరిచేసింది. వీపు మీద రెండు చోట్ల పొలుసులు ఊడి ఎర్రగా మాంసం కనబడుతోంది. పసుపు, కొబ్బరినూనె కలిపి రాశాం. పాము పెట్టెలో కొబ్బరి పీచు పరిచాం. పాముని ఎలుక కరవడమేంటని ఊళ్లో నవ్వుతున్నారు. గాయానికి ఏం చెయ్యాలి? పొలం ఎలుకలు వెయ్యొచ్చా? ఇంకో నాలుగు ఎలుకలు రేకు డబ్బాలో ఉంచాం. ఇంట్లో నాలుగేళ్ల మనవడు ఉన్నాడు.
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఊళ్లో వాళ్లని నవ్వుకోనివ్వండి. పాముని ఎలుక కరవడం మా పశువైద్యులకి కొత్తేమీ కాదు. ముందు గాయం సంగతి చూద్దాం, మిగతావి తర్వాత.

పసుపు, నూనె ఇక రాయకండి. నూనె రాసిన చోట దుమ్ము, పీచు అతుక్కుంటాయి, లోపల చీము పడుతుంది. పాము చీము మన పశువుల చీములా కారిపోదు. జున్ను ముక్కలా గట్టిగా గడ్డకట్టి చర్మం కింద అలాగే ఉండిపోతుంది. పైకి గాయం మానినట్టే కనబడి లోపల ముదురుతుంది. అందుకని కొబ్బరి పీచంతా తీసేసి పెట్టెలో తెల్ల కాగితాలు గానీ టిష్యూ కాగితాలు గానీ పరవండి, రోజూ మార్చండి. కాచి చల్లార్చిన నీళ్లలో పొవిడోన్ అయోడిన్ ద్రావణం కొద్దిగా కలపండి. పల్చటి టీ రంగు వస్తే చాలు, అంతకన్నా చిక్కగా వద్దు. దాంతో రోజుకి రెండుసార్లు గాయం కడిగి, మెత్తటి గుడ్డతో అద్దండి. మనుషుల నొప్పి మందులు, మత్తు మందు కలిసిన ఆయింట్‌మెంట్లు, గేదెలకి కొట్టే పిడుదుల మందు లాంటివి ఒక్క చుక్క కూడా తగలనివ్వొద్దు.

మాంసం కనబడుతోందన్నారు కాబట్టి ఇంట్లో వైద్యం సరిపోదు. యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు పడాలి. పాము బరువు తూచి, దానికి తగ్గట్టు డాక్టరే వేయాలి. మీకు దగ్గర్లో గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ముందు ఫోన్ చేసి, విదేశీ పాము, ఎలుక కాటు అని చెప్పి బయల్దేరండి. గాయం మానడానికి నెలలు పట్టొచ్చు. పాము కుబుసం విడిచిన ప్రతిసారీ చర్మం కొంచెం కొంచెం బాగుపడుతుంది. మచ్చ మాత్రం ఉండిపోవచ్చు. ఈలోపు తిండి పెట్టాలని తొందరపడకండి. ఒళ్లు బాగున్న బాల్ పైథాన్ వారాల తరబడి తినకపోయినా తట్టుకుంటుంది. బలవంతంగా నోట్లో కుక్కితే కక్కేస్తుంది.

ఇప్పుడు ఇది ఎందుకు జరిగిందో చెబుతాను. పొలంలో జెర్రిపోతు ఎలుకని పట్టడం మీరు చూసే ఉంటారు. కన్నంలోకి దూరి బొచ్చు రాని పిల్లలు దొరికితే వాటినే మింగుతుంది. ఆకలి లేకపోతే వేటకే పోదు. పోయినా గురి తప్పితే ఎలుక గట్టు దాటి పారిపోతుంది, పాము ఇంకో కన్నం చూసుకుంటుంది. మీ అబ్బాయి పెట్టెలో గట్టూ లేదు, కన్నమూ లేదు. పైన మూత. ఎలుక పారిపోలేదు, పామూ పారిపోలేదు. అలా రాత్రంతా ఉంచితే ముందు ఆకలేసేది ఎలుకకే. పాము నెల రోజులు ఉపవాసం ఉండగలదు గానీ ఎలుక ఒక్క పూట ఆగలేదు. దాని ముందుపళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరుకుతూ ఉండాల్సిందే. మీ ధాన్యం బస్తాకి చిల్లులు పెట్టేవి ఆ పళ్లే.

పైగా ఇది బాల్ పైథాన్. పశ్చిమ ఆఫ్రికా పాము. భయం వేస్తే బంతిలా చుట్టుకుపోయి తల లోపల దాచుకుంటుంది, ఆ పేరు అందుకే వచ్చింది. ఎలుక వచ్చి కొరుకుతుంటే తిరగబడి కాటెయ్యదు, ఇంకా గట్టిగా చుట్టుకుంటుంది. అప్పుడు బయట మిగిలేది వీపే. మీరు వీపు మీద గాయం అన్నప్పుడే నాకు అర్థమైంది, ఆ రాత్రి పాము వేటాడనే లేదని. వేటాడిన పాముకైతే కాటు మూతి మీదో, కంటి దగ్గరో పడుతుంది, చుట్టల్లో ఇరుక్కున్న ఎలుక చివరిగా కొరికినప్పుడు.

మరి ఎందుకు వేటాడలేదు? చలి అనుకుంటాను. డిసెంబర్, జనవరుల్లో మన వైపు రాత్రి చలి మీకు నేను చెప్పాలా! ఈ పాముకి పెట్టెలో ఒక పక్క 31, 32 డిగ్రీల వేడి, రెండో పక్క 25 డిగ్రీల పైన ఉండాలి. ఒళ్లు వెచ్చగా లేని పాము తినదు, తిన్నా అరిగించుకోలేదు, కడుపులోనే కుళ్లిపోయి కక్కేస్తుంది. వేడి మితిమీరకుండా చూసే థర్మోస్టాట్ ఉన్న హీట్ ప్యాడ్ పెట్టెకి బయట, అడుగున పెట్టమనండి. ఇంకో మాట. కుబుసానికి ముందు పాము కళ్లు నీలంగా మసకబారతాయి. ఆ రోజుల్లో చూపు సరిగా ఆనదు, తిండి ముట్టదు. అప్పుడు బతికున్న ఎలుకని వేయడమంటే గుడ్డివాడి గదిలో దొంగని వదిలి తలుపేసినట్టే.

కొన్నేళ్ల కిందట విజయనగరం నుంచి ఒక కుర్రాడు ఇలాంటి పామునే పట్టుకొచ్చాడు. తోక దగ్గర ఎముక తెల్లగా, బియ్యపు గింజలు వరసగా పేర్చినట్టు కనబడుతోంది. ఎలుకని ఐస్‌క్రీం డబ్బాలో వేసి, మూతకి చిల్లులు పెట్టి అదీ తెచ్చాడు. "సార్, దీనికేమైనా రోగం ఉందేమో చూడండి" అన్నాడు. ఎలుక దివ్యంగా ఉంది, డబ్బా అంచు కొరుకుతోంది. పాముకి తోక సగం తీసేయాల్సి వచ్చింది.

ఇక మీ రెండో ప్రశ్న. పొలం ఎలుకల్ని బతికున్నవే కాదు, చంపినవి కూడా వేయొద్దు. కారణం మీ పొలంలోనే ఉంది. మీరు గానీ, గట్టు అవతలి రైతు గానీ ఎలుకల మందు పెట్టి ఉంటారు కదా? 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు 0.25 శాతం బ్రోమడయోలోన్ అనే ఎలుకల మందు కలిపి పొట్లాలు కట్టి కన్నాల్లో వేస్తాం. దీని గొప్పతనం ఏంటంటే ఎలుక తిన్న వెంటనే చావదు, అందుకే మిగతా ఎలుకలకి అనుమానం రాదు. మూడు, నాలుగు రోజులు మామూలుగానే తిరుగుతుంది. ఆ తర్వాత లోపల రక్తం గడ్డకట్టక కారి వారం లోపు పోతుంది. మీ అబ్బాయి బుట్టలో పడిన ఎలుక ఆ మూడు రోజుల్లోదేమో ఎవరు చెప్పగలరు? చూడటానికి హుషారుగానే ఉంటుంది. మందు దాని కాలేయంలో పేరుకుని ఉంటుంది, తిన్న జీవి ఒంట్లోకి అది పోతుంది. కుక్క, పిల్లి, గుడ్లగూబ ఇలాగే పోతుంటాయి. మీరు మందు పెట్టలేదనుకోండి, ఎలుకకి సర్వే రాళ్లు తెలియవు, పక్క మడిలో తిని మీ కుప్ప కిందికి వస్తుంది. జింక్ ఫాస్ఫైడ్ అనే ఇంకో ఎలుకల మందు పెట్టిన చోటా ప్రమాదమే. కడుపులో తడి తగిలి ఫాస్ఫిన్ అనే విష గ్యాస్ పుడుతుంది, ఎలుక కడుపులో మిగిలిన మందు తిన్న జీవికి కూడా అదే గతి పట్టొచ్చు.

మనవడి సంగతి అడిగారు. నన్నడిగితే పాముకన్నా ఆ రేకు డబ్బాకే ఎక్కువ భయపడాలి. పొలం ఎలుక మూత్రంలో ఎలుక జ్వరం కలిగించే లెప్టోస్పైరా క్రిములు ఉండొచ్చు. కాలి పగుళ్ల నుంచి, చిన్న గీతల నుంచి, నీళ్లలో నాని మెత్తబడిన చర్మం నుంచి ఒంట్లోకి పోతాయి. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం, కొందరికి కామెర్లు. ఎలుకల ఒంటి మీదుండే చిన్న చిగ్గర్ పురుగులు స్క్రబ్ టైఫస్ అనే జ్వరం తెస్తాయి, అవి కుట్టిన చోట కాలిన మచ్చలా నల్లటి చెక్కు కడుతుంది. మీ అబ్బాయికి గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ ఇకపై జ్వరం వస్తే డాక్టరుకి "ఎలుకల్ని పట్టాం" అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క మాటతో వైద్యం త్వరగా మొదలవుతుంది. పాము ఒంటి మీద సాల్మొనెల్లా అనే, విరేచనాలు తెచ్చే క్రిమి ఉండొచ్చు, పాము ఆరోగ్యంగా కనబడినా సరే. ఐదేళ్ల లోపు పిల్లలు పాముని, దాని పెట్టెని ముట్టకూడదు. నీళ్ల గిన్నె వంటింటి సింకులో కడగకూడదు. ముట్టిన పెద్దవాళ్లు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

మరి ఏం పెట్టాలి అంటారా? పట్నంలో పెట్టినవే. తిండి కోసం పెంచి, బాధ లేకుండా చంపి గడ్డకట్టించిన తెల్ల ఎలుకలు. నెలకి సరిపడా ఒకేసారి విశాఖ నుంచి ఐసు డబ్బాలో తెచ్చుకోవచ్చు. పెద్ద బాల్ పైథాన్‌కి రెండు వారాలకి ఒకటి చాలు కాబట్టి రవాణా ఖర్చు కూడా పెద్దగా కాదు. పాము ఒంట్లో బాగా లావైన చోటు ఎంత ఉందో ఎలుక అంతే ఉండాలి. ముందు రోజు రాత్రి ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు కవర్‌లో కట్టి వేడినీళ్లలో ఉంచితే ఒళ్లు వెచ్చబడుతుంది. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పేలుతుంది. పొడుగాటి పటకారుతో తోక దగ్గర పట్టుకుని పాము ముందు కదిపితే వేడికి, వాసనకి అది బతికున్నదే అనుకుని పట్టేస్తుంది. బతికున్న వాటికి అలవాటు పడింది కాబట్టి మొదట రెండు, మూడుసార్లు ముఖం తిప్పుకోవచ్చు. పట్టుకోకపోతే తీసి పారేయండి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు. తిన్నాక రెండు రోజులు పాముని ఎత్తకూడదు. ఫ్రీజర్‌లో పెట్టినంత మాత్రాన సాల్మొనెల్లా చావదు కాబట్టి ఆ డబ్బా మీ చేపల పక్కన వద్దు. వేరే చిన్న ఫ్రీజర్ ఉంటే మేలు. మీ ఇంటావిడ ఇప్పటికే ఈ మాట అని ఉంటారు.

చట్టం గురించి మీరు అడగలేదు గానీ చెప్పడం నా పని. బాల్ పైథాన్ అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉన్న జీవి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీ అబ్బాయి చేయించాడో లేదో అడగండి, కొన్న రసీదు దాచమనండి. మన నేల పాములైతే, అది కొండచిలువైనా, నాగుపామైనా, జెర్రిపోతైనా, ఇంట్లో పెంచుకోవడానికి వీల్లేదు. 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు. ఇంకో సంగతి, ఎలుకని పాముతో తలపడేలా వదిలి వీడియో తీసి పెడుతున్నారు కొందరు కుర్రాళ్లు. వినోదం కోసం ఒక జంతువుని ఇంకోదాని మీదికి ఉసిగొల్పడం 1960 జంతు హింస నివారణ చట్టం కింద నేరం. విసుగొచ్చి పాముని చెరువు గట్టున వదిలేయడం కూడా తప్పే.

డబ్బాలో ఉన్న నాలుగు ఎలుకల్ని పొలంలో వదలకండి, వచ్చే పంటకి నలభై అవుతాయి. నీళ్లలో ముంచి చంపకండి. మీ ఊళ్లో ఎలుకలు పట్టే మనిషికి ఇస్తే ఒక్క దెబ్బతో పని కానిస్తాడు. తర్వాత లోతుగా పాతి, డబ్బా బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో బోర్లించండి. ఈ పనికి చేతులకి గ్లౌజులు, కాళ్లకి చెప్పులు ఉండాలి. ఇంట్లో ఎలుకల్ని నిల్వ ఉంచితే ఆ వాసనకి నాగుపాము వరండాలోకి వస్తుంది. మీ అబ్బాయి కన్నంలో చెయ్యి పెట్టి ఎలుకలు లాగే రకమైతే వెంటనే మానిపించండి. మన గట్ల కన్నాల్లో నాగుపాము, రక్తపింజరి రెండూ ఉంటాయి.

గరివిడి వెళ్లేటప్పుడు పాముని దిండు గలేబులో వేసి మూతి ముడేసి, ఆ గలేబుని మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్‌లో పెట్టండి. మూతకి చిల్లులు ఉండాలి. గోరువెచ్చటి నీళ్ల సీసాని తువ్వాలులో చుట్టి పక్కన పెడితే దారిలో చలి తగలదు. ఆటో మాట్లాడుకోండి. ఆర్టీసీ బస్సులో తీసుకెళ్తే బకెట్‌లో ఏముందని పక్కవాళ్లు అడక్క మానరు, మీరు చెప్పక మానరు.