తుగ్లక్ అదృష్టం ఓరుగల్లులోనే తిరగబడిందా?

ప్రశ్న: సార్, ఓరుగల్లు కోటను గెలిచిన తుగ్లక్‌ల రాజ్యం అంత తొందరగా ఎట్లా చెదిరిపోయింది? రాజధాని మార్చినందుకేనా?
– ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: అమ్మా, కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్లూ నేనూ ఆ రాజధాని కథే చెప్పాను. పరీక్షల్లో అదే వచ్చేది మరి. రిటైరై రోజూ పొద్దున కోటలో వాకింగ్ మొదలుపెట్టాక నా లెక్క మారింది.

ఈసారి వచ్చినప్పుడు కోటలోని పాత దర్బారు భవనం ఖుష్ మహల్ గోడను కాస్త పక్కనుంచి చూడండి. కింద లావుగా ఉండి, పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది. ఢిల్లీలో తుగ్లకాబాద్ గోడలదీ ఇదే వాలు. 1323లో ప్రతాపరుద్రుణ్ని ఓడించిన ఉలుగ్ ఖాన్ మన ఊరికి సుల్తాన్‌పూర్ అని పేరు కూడా పెట్టేశాడు. రెండేళ్లకు అతనే ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా గద్దెనెక్కాడు. 1327లో దౌలతాబాద్‌ను రాజధాని చేశాడు. దక్కన్‌ను ఢిల్లీలో కూర్చుని ఏలడం కష్టం కదా, ఆలోచన మరీ పిచ్చిదేం కాదు. వెండి టంకా విలువకు రాగి, కంచు నాణేలు తెస్తే జనం ఇళ్లలోనే ముద్రలు కొట్టుకున్నారు. వాటిని వెనక్కి తీసుకుని ఖజానాలోంచి వెండి ఇచ్చాడు. అదీ తట్టుకున్నాడు.

అసలు దెబ్బ 1335 ప్రాంతంలో తగిలింది. మధురైలో తన అధికారే తిరగబడితే అణచడానికి స్వయంగా బయల్దేరాడు. ఓరుగల్లు చేరేసరికి దండులో అంటురోగం. సైనికులు పిట్టల్లా రాలిపోయారు, సుల్తాన్‌కే జబ్బు చేసింది. మధురై మొహం చూడకుండానే వెనుదిరిగాడు. ఇక సుల్తాన్ పోయాడని పుకారు పుడితే ఎవరు ఆగుతారు? కొద్ది కాలంలోనే తెలుగు నాయకుల పెద్ద కాపయ నాయకుడు ఓరుగల్లు పట్టేశాడు. దక్షిణాన విజయనగరం లేచింది, 1347లో బహమనీలు విడిపోయారు. సుల్తాన్ 1351లో ఒక తిరుగుబాటుదారుణ్ని తరుముతూ సింధులో తట్టా దగ్గర చనిపోయాడు. అతని తర్వాత గద్దెనెక్కిన ఫిరోజ్ షా ముప్పై ఏడేళ్లు నెట్టుకొచ్చాడు గానీ పోయిన దక్కన్ జోలికి రాలేదు. 1398లో తైమూర్ ఢిల్లీని దోచాక మిగిలింది పేరే, 1414 కల్లా అదీ లేదు.

ఇంకో తమాషా. కాపయ దెబ్బకు ఓరుగల్లు వదిలి ఢిల్లీ పారిపోయిన తుగ్లక్‌ల అధికారి మాలిక్ మక్బూల్ కూడా తెలుగువాడే. మతం మారి తుగ్లక్‌ల కొలువులో చేరాడు, ఊరు పోగొట్టుకుని వెళ్లినా చివరికి ఫిరోజ్ షాకు వజీరయ్యాడు! నిజాముద్దీన్‌లో అతని ఎనిమిది మూలల సమాధిని ఇప్పటికీ తిలంగానీ, అంటే తెలంగాణవాడు, అన్న పేరుతోనే పిలుస్తారు. ఢిల్లీలో చదువుకునే మా మనవణ్ని దాని ఫొటో పంపరా అని అడిగి రెండు నెలలైంది. వాడు ఇప్పటికి నాలుగు మెట్రో ఫొటోలు పంపాడు.