రీసెట్ బటన్ జోలికి ఇప్పుడే పోకు

చిరంజీవి మాధవికి,
మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. అమ్మ కోసం కొన్న, మాట చెబితే పనిచేసే స్మార్ట్ స్పీకర్ పనిచేయడం లేదు, రీసెట్ కొట్టెయ్యనా అని అడిగావు. వద్దమ్మా. రీసెట్ చేస్తే వైఫై, అకౌంట్, అన్నీ మళ్లీ మొదటినుంచి పెట్టుకోవాలి. పైగా తప్పు ఎక్కడుందో తెలియకుండానే పోతుంది, నాలుగు రోజులాగి మళ్లీ అదే గొడవ.

అసలు "పనిచేయడం లేదు" అంటే ఏమీ తేలదు. పిలిస్తే పలకడం లేదా? పలికి, ఇంటర్నెట్ లేదంటోందా? ఒకటి చెబితే ఇంకోటి చేస్తోందా? సరేనని, లైటు మాత్రం వేయడం లేదా? ఒక్కోదానికి మందు వేరు. కాబట్టి అది ఏ రంగు లైటు చూపిస్తోందో, ఏమని జవాబిస్తోందో ఉన్నదున్నట్టు ఒక కాగితం మీద రాసుకో. సగం పని అక్కడే అయిపోతుంది.

పిలిస్తే ఉలుకూ పలుకూ లేదనుకో. నెట్‌ని తర్వాత అనుమానించు, ముందు మైక్ చూడు. తన పేరు వినిపించిందా లేదా అన్నది ఆ డబ్బా తనంతట తానే కనిపెడుతుంది. పేరు విన్నాకే మన మాటలు కంపెనీ సర్వర్లకు వెళ్తాయి. అమెజాన్ వాళ్ల ఎకో స్పీకర్‌లో ఎర్ర లైటు ఆరకుండా ఉంటే మైక్ ఆపేసి ఉందన్నమాట. గూగుల్ నెస్ట్ మినీలో మైక్ ఆపితే నారింజ రంగు చుక్కలు వస్తాయి. అదే నారింజ రంగు ఎకోలో తిరుగుతూ కనిపిస్తే సెటప్‌కి సిద్ధంగా ఉందనో, నెట్ కోసం చూస్తోందనో అర్థం. ఒకే రంగుకి ఒక్కో కంపెనీ ఒక్కో అర్థం పెట్టింది, మనం ఏం చేస్తాం! దుమ్ము తుడిచేటప్పుడు ఆ మైక్ స్విచ్ నొక్కుకుపోవడం మామూలే. స్పీకర్‌ని గోడకి ఆనించకుండా 20 సెంటీమీటర్లు ఎడం పెట్టు, టీవీ పక్కన అసలు వద్దు. ఫోన్‌లో వాడుతుంటే ఇంకో సంగతి: ఐఫోన్‌ని బోర్లా పెడితే, పిలిస్తే పలికే దాని సహాయకురాలు సిరి మామూలుగా పలకదు.

నీకు ఎక్కువ తిప్పలు వైఫై దగ్గరే వస్తాయి, అందుకే ఇది నిదానంగా చదువు. సెటప్ చేసే ఫోన్‌లో బ్లూటూత్, లొకేషన్ రెండూ ఆన్‌లో ఉండాలి. యాప్ అడిగిన అనుమతులకి విసుగుపడి "వద్దు" నొక్కేస్తే స్పీకర్ పక్కనే ఉన్నా దానికి కనబడదు. ఫోన్‌లో వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఉంటే కాసేపు ఆపు. ఫోను, స్పీకరు ఒకే నెట్‌వర్క్‌లో ఉండాలి. ఒకటి గెస్ట్ నెట్‌వర్క్‌లో (అతిథుల కోసం విడిగా పెట్టే వైఫైలో) ఉంటే ఒకదానికొకటి కనబడవు. ఇక హాస్టళ్లలోలాగా బ్రౌజర్ పేజీలో లాగిన్ అడిగే వైఫై ఉంటుంది చూడు, దానితో కుస్తీ పట్టకు. స్పీకర్‌కి బ్రౌజర్ ఉండదు కదా.

రౌటర్‌లో 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లు, అంటే రెండు రకాల వైఫై సిగ్నళ్లు, ఉంటాయి. స్పీకర్లు చాలావరకు రెండిటినీ పట్టుకుంటాయి కానీ స్మార్ట్ బల్బులు, ప్లగ్గుల్లో ఎక్కువ శాతం 2.4 మాత్రమే పట్టుకుంటాయి. రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే ఫోన్ 5 మీద ఉండిపోయి, బల్బు సెటప్ మధ్యలోనే ఆగిపోవచ్చు. అలాంటప్పుడు రౌటర్ సెట్టింగుల్లో 5ని కాసేపు ఆపి, బల్బు కలిశాక మళ్లీ ఆన్ చెయ్యి. రౌటర్‌లో వైఫై సెక్యూరిటీ రకం కొత్తదైన డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెట్టి ఉంటే కొన్ని పాత పరికరాలు చేరవు, దానికి ముందుదైన డబ్ల్యూపీఏ2 కూడా ఒప్పుకునేలా మార్చు. ఎప్పుడైనా రౌటర్ మారిస్తే కొత్తదానికి కూడా పాత పేరు, పాత పాస్‌వర్డే పెట్టు. ఇంట్లో వస్తువులు చాలావరకు వాటంతటవే కలుస్తాయి, నీకు బోలెడు టైమ్ మిగులుతుంది.

ఒకటి చెబితే ఇంకోటి చేస్తోందంటే చాలాసార్లు తప్పు పేర్లది. గదికీ, ఆ గదిలో బల్బుకీ ఒకే పేరు పెడితే దేన్ని వెలిగించాలో దానికి తెలియదు. అమ్మ నోటికి వచ్చే పొట్టి పేర్లు పెట్టు. నీకు ముద్దొచ్చేవి కాదు.

స్పీకర్ సరేనన్నా లైటు వెలగకపోతే, ముందు గోడ మీద స్విచ్ చూడు. నవ్వకు. స్మార్ట్ బల్బుకి కరెంటే లేకపోతే అది ఎవరి మాటా వినదు. స్విచ్ ఆన్‌లోనే ఉంటే బల్బు కంపెనీ వాళ్ల సొంత యాప్‌లో నొక్కి చూడు. అక్కడ కూడా వెలగకపోతే స్పీకర్ తప్పేం లేదు. అక్కడ వెలిగి, మాటకి మాత్రం వెలగకపోతే స్పీకర్ అకౌంట్‌కీ, బల్బు కంపెనీ అకౌంట్‌కీ మధ్య లింకు తెగి ఉండొచ్చు. బల్బు అకౌంట్ పాస్‌వర్డ్ ఈమధ్య మార్చి ఉంటావు. లింకు తీసేసి మళ్లీ కలుపు.

వాతావరణం వేరే ఊరిది చెబుతుంటే యాప్‌లో అడ్రస్ తప్పుంది, అంతే.

ఒక్క విషయంలో మాత్రం నా మాట తీసెయ్యకు. స్పీకర్‌ని అమ్మ పేరు మీద అకౌంట్‌తోనే పెట్టు. నీ అకౌంట్ పెడితే నీ క్యాలెండర్, నీ కాంటాక్టులు అక్కడ వినిపిస్తాయి, అమ్మ అడిగినవి నీ హిస్టరీలో చేరతాయి. మాటతో కొనుగోళ్లు పూర్తిగా ఆపెయ్యి, లేదంటే పిన్ పెట్టు. వాయిస్ రికార్డింగులు 3 నెలలకు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు ఎకోలో పలికే అలెక్సాలోనూ ఉంది, గూగుల్‌లోనూ ఉంది. అది పెట్టి, ఎందుకు పెట్టావో అమ్మకి చెప్పు. తన మాటలు ఎక్కడికి పోతున్నాయో ఆవిడకి తెలియాలి. తలుపు తాళాన్ని మాత్రం దీనికి కలపొద్దు. ఎంత సౌకర్యమైనా నాకది నచ్చదు.

ఇవన్నీ చూశాక కూడా మొండికేస్తే స్పీకర్, రౌటర్ రెండిటి ప్లగ్గులూ తీసెయ్యి. ముందు రౌటర్ పెట్టి, ఫోన్‌లో నెట్ వచ్చాకే స్పీకర్ పెట్టు. అప్పటికీ దారికి రాకపోతే అప్పుడు రీసెట్ చేసుకో. బటన్ ఎంతసేపు నొక్కాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది, అడుగున ఉన్న మోడల్ నంబర్‌తో కంపెనీ పేజీలో చూడు. చేసేముందు పరికరాల పేర్లున్న స్క్రీన్‌ని ఫొటో తీసిపెట్టుకో. ఎక్కడైనా ఆగితే ఆ లైటు రంగు కనబడేలా చిన్న వీడియో పంపు, చూసి ఫోన్ చేస్తాను.

నీ మావయ్య