టూల్ సంగతి తర్వాత, ముందు మ్యూట్ తీయండి

అడిగిన ప్రశ్న: "కష్టకాలంలో స్టార్టప్ వాళ్ళ సపోర్ట్ గ్రూపును ఆన్‌లైన్‌కి మార్చిన అనుభవం ఎవరికైనా ఉందా? ఏ టూల్ వాడారు?"

ఉంది. 2020లో, విశాఖలో. టూల్ గురించి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. జూమ్, అదీ డబ్బు కట్టనిది, 40 నిమిషాలకి తెగిపోయేది. కట్టి వాడేదానికన్నా అదే మంచిదని నా గట్టి అభిప్రాయం. ఎందుకో కింద తెలుస్తుంది.

మాది శనివారం గ్రూపు. రుషికొండ ఐటీ కొండ మీద ఒకరి ఆఫీసులో పాతికమందిమి కూర్చునేవాళ్ళం. నాది షాపులకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. మీటింగ్ పేరుకే. అసలు సంగతులన్నీ ఆ తర్వాత బీచ్ రోడ్డులో మురీ మిక్చర్ బండి దగ్గర తేలేవి. ఏ కస్టమర్ బిల్లు ఎగ్గొడతాడు, ఏ ఆడిటర్ ఫోనెత్తుతాడు, ఇలాంటివి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. అయినా మనిషికి మనిషి కనబడేవాడు. పడిపోయిన చెట్లు పక్కకి లాగుతూ ఊరంతా రోడ్డు మీదే మాట్లాడుకున్నాం. 2020లో అది తిరగబడింది. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంది, రోడ్డు మీద మనిషి లేడు.

మార్చి 25న లాక్‌డౌన్. 28న మా మొదటి ఆన్‌లైన్ శనివారం. ముందు రోజే రిజర్వ్ బ్యాంక్ మారటోరియం, అంటే అప్పు వాయిదాలు 3 నెలలు ఆపుకోవచ్చని ప్రకటించింది కాబట్టి అందరూ వచ్చారు. ఆగేది వాయిదాలేగానీ వడ్డీ కాదని తెలిశాక సగంమంది జారుకున్నారు. వాళ్ళని మళ్ళీ రప్పించాలని మేం గెస్టుల్ని పిలవడం మొదలుపెట్టాం. పెద్ద తప్పు. అప్పట్లో ఎటు చూసినా వెబినార్లే, చెప్పినవాడికీ విన్నవాడికీ సర్టిఫికెట్టు. నా దగ్గర ఇప్పటికీ పదకొండున్నాయి. ఒకదాని మీద నా పేరు కూడా తప్పే.

ఏప్రిల్ 11న హైదరాబాద్ నుంచి ఒక పెద్దమనిషి "సంక్షోభమే అవకాశం" అని స్లైడ్లు తిప్పుతున్నాడు. అందరం మ్యూట్‌లో, కెమెరాలు ఆఫ్. క్యారేజీల కుర్రాడొకడు మాత్రం మ్యూట్ పెట్టడం మర్చిపోయాడు. రుషికొండ ఆఫీసులకి మధ్యాహ్నం భోజనాలు పంపేవాడు. ఆఫీసులన్నీ మూతపడ్డాయి. ఆ స్లైడ్ల మధ్యలోంచి వాళ్ళమ్మ గొంతు:

"ఒరే, వంటోళ్ళకి జీతాలిచ్చీసేవా లేదా? ఈ గాజులు తాకట్టెట్టీరా అంటే ఇనవు. ఏటి సూస్తన్నావ్ ఆ ఫోన్లో?"

గెస్ట్ ఆగిపోయాడు. వెనకాల రైలు కూత వినబడింది. కుర్రాడు లైన్ కట్ చేసేశాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. అప్పుడు సీతమ్మధారలో పెళ్ళి బ్లౌజులు కుట్టించే ఆవిడ మ్యూట్ తీసి, "నేను కూడా ఇవ్వలేదండీ" అంది. ఇంకొకాయన, "నేను సగమే ఇచ్చాను" అన్నాడు. పాతికమందిమి మూడేళ్ళుగా కలుస్తున్నాం. ఒక్కడూ ఈ మాట అనలేదు. సరిగ్గా అక్కడ 40 నిమిషాలూ అయిపోయి జూమ్ తెగిపోయింది. కుర్రాడికి ఫోన్ చేసి బతిమాలి, కొత్త లింక్‌లో మళ్ళీ చేరాం. గెస్ట్‌కి లింక్ పంపడం మర్చిపోయాం. ఆయనకి అలాగే చెప్పాం.

ఆ రాత్రి పదకొండు దాకా మాట్లాడుకున్నాం, ఐదారుసార్లు తెగుతూ, మళ్ళీ చేరుతూ. తెగిన ప్రతిసారీ బోరు కొట్టినవాడు మర్యాదగా తప్పుకోవచ్చు, నిజంగా అవసరం ఉన్నవాడే తిరిగొస్తాడు. ఈ సౌకర్యం డబ్బు కట్టినవాళ్ళకి లేదు. ఒకాయనకి పరవాడ ఫార్మా కంపెనీలో తెలిసినవాళ్ళున్నారు. మందుల ఫ్యాక్టరీలు నడుస్తున్నాయి, బయట హోటళ్ళు లేవు. రోజుకి 60 భోజనాలతో ఆ కుర్రాడి పొయ్యి మళ్ళీ వెలిగింది. గాజులు తాకట్టుకి వెళ్ళలేదు.

ఆ తర్వాత మా రూలు ఒక్కటే, మ్యూట్ పెట్టకూడదు. కుక్కరు కూతలు, పిల్లల ఏడుపులు అన్నీ వినబడాలి. మ్యూట్ పెట్టుకునే గ్రూపు బతకదు. కావాలంటే రాసిపెట్టుకోండి.

ప్రభుత్వ సాయం మాటా చెప్పాలి. మేలో పూచీకత్తు లేని రుణాలన్నారు. ఫిబ్రవరి చివరికి బ్యాంకులో ఎంత బాకీ ఉందో అందులో 20 శాతం అదనంగా ఇస్తామన్నారు. మాలో చాలామందికి బ్యాంకు అసలు అప్పే ఇవ్వలేదు. సున్నాలో 20 శాతం ఎంతో మీరే లెక్కేసుకోండి.

మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. వార్త చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ రైలు కూత. ప్రతి శనివారం వింటున్నదే. గోపాలపట్నంలో పట్టాల పక్కనే ఇల్లని ఒకసారి ఆ క్యారేజీల కుర్రాడే చెప్పాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గరుండే మా సభ్యుడు వ్యాన్ తీసుకుని బయల్దేరాడు. తల్లీకొడుకులు అప్పటికే ఇల్లొదిలి, మండే కళ్ళతో రోడ్డెంట నడుస్తున్నారు. కేజీహెచ్‌ ఆసుపత్రిలో చూపించి మా ఇంటికి తీసుకొచ్చాడు. కరోనా భయంతో ఎవరూ ఎవర్నీ గడప తొక్కనివ్వని రోజులు. మా ఆవిడ ఏమీ అడగకుండా తలుపు తీసింది.

9న శనివారం. మీటింగ్‌లో ఆ కుర్రాడి అమ్మ కూడా నా పక్కన కూర్చుంది. ఫోన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది.

"ఇందులో మాటాడితే అందరికీ ఇనబడతాదా, బాబూ?"

"వినబడుతుందమ్మా."

"ఆవేళ గాజుల మాట కూడానా?"

మా గ్రూపులో అందరూ ఒకేసారి మ్యూట్ పెట్టుకున్నది ఆ ఒక్కసారే.