చెరువు పక్కన ఇల్లు కట్టుకోవాలంటే ముందు మత్తడి చూడండి

మీరు అడిగింది ఇదీ: రిటైరయ్యాక నర్సంపేట, ములుగు వైపు ఒక చిన్న ఊళ్లో చెరువు పక్కన ఇల్లు కట్టుకోవాలని ఉంది, ఏప్రిల్‌లో చూసిన ప్లాటు నచ్చింది, పొద్దున ఈత, సాయంత్రం గాలం, పిల్లలొస్తే పడవ, ఏం చూసుకోవాలి?

ఏప్రిల్‌లో చూశామన్న దగ్గరే ఆగండి. ఎండాకాలంలో నీళ్లు వెనక్కి పోయి కనబడే ఒడ్డు చెరువు ఒడ్డు కాదు, చెరువు కడుపు. అసలు హద్దును మత్తడి, అంటే నిండిన చెరువు నీళ్లు పొర్లిపోయే గట్టు, చెప్తుంది. మత్తడి గడప ఎంత ఎత్తులో ఉందో అదే ఎఫ్‌టీఎల్, అంటే నిండు చెరువు మట్టం. మత్తడి దుంకేటప్పుడు నీళ్లు అంతకంటే పైకి లేస్తాయి. మామూలు ఊరి చెరువుల్లో రెండు మూడడుగులు లేవడం వింతేమీ కాదు. కాబట్టి సర్వేయర్‌ని పిలిచి, ఆటో లెవెల్ అనే ఎత్తులు కొలిచే పరికరంతో మత్తడి గడప ఎత్తును ప్లాటు దాకా తెప్పించి ఒక రాతి మీద గీత పెట్టించండి. ఇంటి బేస్‌మెంటు ఆ గీతకు కనీసం అయిదడుగులు పైన ఉండాలి. ఇంటికొచ్చే బాట కూడా గీతకు మూడడుగులైనా పైన ఉండాలి. ఇల్లు మునగకపోయినా బాట మునిగితే వారం రోజులు ఇంట్లోనే.

కాగితాల సంగతి. ఆన్‌లైన్‌లో పట్టా కనబడింది కదా అని నమ్మొద్దు. శిఖం భూమికి, అంటే చెరువు నిండితే మునిగే నేలకు, కూడా పట్టాలుంటాయి. నీళ్లు తీసినప్పుడు సాగు చేసుకోవడానికే అవి, ఇల్లు కట్టడానికి కాదు. తక్కువ ధరకు ఎక్కువగా తిరిగేవి ఈ ప్లాట్లే. సర్వే నంబరు పట్టుకుని ఇరిగేషన్ ఆఫీసులో ఎఫ్‌టీఎల్ మ్యాపు చూడండి, ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, రాతపూర్వకంగా తీసుకోండి. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా; చిన్న కుంటైతే 9 మీటర్లు. మత్తడి వాగు పక్కనైతే ఆ వాగుకూ వేరే బఫర్ ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు. ఊళ్లో నీరటి, అంటే చెరువు నీళ్లు వదిలే మనిషి, ఉంటే ఒక పూట ఆయనతో తిరగండి. ఏ ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఏ మ్యాపూ చెప్పనంత వివరంగా చెప్తారు.

ప్లాటులో రెండడుగుల గుంత తీసి చూడండి. గుంత కిందిదాకా నల్లటి ఒండ్రు, నత్తగుల్లలు తగిలితే అక్కడ నీళ్లు నిలిచేవని అర్థం. ఒక్క జాగ్రత్త: చెరువులు బాగుచేసే ప్రభుత్వ పథకం మిషన్ కాకతీయలో తీసిన పూడికమట్టిని పొలాలకు తోలారు, ఆ మట్టిలోనూ గుల్లలుంటాయి. అలాంటి చోట అవి పై జానెడులోనే ఆగిపోతాయి, కింద వేరే రంగు మట్టి వస్తుంది.

చెరువుకు ఏ వైపు అన్నది ఇంకా ముఖ్యం. కట్ట కింద చవగ్గా వస్తుంది కానీ ఆ నేల జాలు పట్టి, అంటే చెరువు నీళ్లు లోపల్లోపల ఊరి, ఉంటుంది, గోడలు సంవత్సరమంతా చెమ్మగా ఉంటాయి, కట్టకు గండి పడితే మొదటి దెబ్బ అక్కడే. శిఖం వైపు వద్దని పైన చెప్పాను. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులన్నీ గుట్టల మధ్య కట్ట వేసి కట్టినవే. ఆ ప్రాంతపు చిన్న చెరువుల్లోనూ చాలావాటిది అదే తీరు. అందుకే కట్ట చివర గుట్టను ఆనుకున్న మొరం నేల దొరికితే రేటు ఎక్కువైనా అదే తీసుకోండి. పాకాల లాంటి చోట అభయారణ్యం కూడా ఉంది కాబట్టి అటవీ శాఖను అడగకుండా బయానా ఇవ్వొద్దు.

రేగడి అయితే పునాది మొరం తగిలేదాకా దించాలి. అది మరీ లోతైతే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే కింద ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు, వేయించాలి. ఏటా ఉబ్బి, ఎండి, పగిలే నేల మీద మామూలు పునాది వేస్తే రెండో ఏటికే కిటికీ మూలల నుంచి ఏటవాలు పగుళ్లు వస్తాయి.

చెరువు పక్క ఇళ్లలో అందరికీ ఎదురయ్యే తలనొప్పి సెప్టిక్ ట్యాంకు. చెరువు నిండాక, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, భూమిలో నీటిమట్టం పైకొస్తుంది. ఇంకుడు గుంత లోపలి నుంచే నిండిపోతుంది. మురుగు ఇంకక టాయిలెట్‌లోకి ఎదురు తంతుంది. మేస్త్రీ వచ్చి గుంత ఇంకా లోతు తీద్దామంటాడు, వినొద్దు. లోతు పెంచితే ఇంకా త్వరగా నిండుతుంది. నవంబరులో ఆరడుగుల గుంత తవ్వి ఒక రాత్రి వదిలేయండి. నీళ్లు ఊరితే లోతు గుంత పనికిరాదు. అడుగు లీకవని ట్యాంకు కట్టి, దాని నీటిని ఎత్తు చేసిన మట్టిదిబ్బలో కంకర, చిల్లుల పైపు వేసిన వెడల్పాటి కాలువలోకి వదలాలి. బోరుకు, దానికి మధ్య కనీసం 60 అడుగులు ఉండాలి.

ఇక ఈత. పూడిక తీసినప్పుడు, ఇటుక బట్టీలకు మట్టి తవ్వినప్పుడు చెరువు కడుపులో నిట్టనిలువు గోతులు మిగులుతాయి. పైన నీళ్లు సమంగానే కనబడతాయి, మోకాటి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువులోతు. మీరు దిగబోయే చోటును ఎండాకాలంలో నీళ్లు లేనప్పుడు నడిచి చూసుకోండి, వెదురు కర్రలు పాతి హద్దు పెట్టుకోండి. తూము తెరిచి ఉన్నప్పుడు దాని దగ్గరికి పోవద్దు, కింది నుంచి గుంజుతుంది. నిమజ్జనం జరిగే రేవులో వినాయక విగ్రహాల ఇనుప చువ్వలు బురదలో నిలబడి ఉంటాయి, బతుకమ్మ వేళ దిగే ఆడవాళ్ల కాళ్లకు అవే గుచ్చుకుంటాయి. నీళ్ల మీద పచ్చరంగు పెయింటు పోసినట్టు తెట్టె కడితే మనుషులే కాదు, కుక్కలు కూడా దిగకూడదు. ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కు గట్టిగా మూత బిగించి, 15 మీటర్ల తాడు కట్టి ఒడ్డున ఉంచండి. మునుగుతున్న మనిషి తలను నీళ్ల పైన నిలపడానికి అది చాలు. పట్టుకోవడానికి మీరు దూకొద్దు, క్యాన్ విసరండి.

చేపలు ఊరి మత్స్యకారుల సొసైటీవి. వర్షాలు పడ్డాక బొచ్చె, రవ్వ, బంగారుతీగ పిల్లలను వదులుతారు, ఎండాకాలానికి వల పడతారు. సొసైటీ పెద్దమనిషిని అడిగి గాలం వేస్తే ఎవరూ కాదనరు, ఎర్రలతో జెల్లలు, చిన్న కప్పతో కొర్రమీను పడతాయి. వల వేస్తే మాత్రం గొడవే, న్యాయం కూడా వాళ్ల వైపే. మత్తడి దుంకుతున్నప్పుడు ఎదురెక్కే చేపల కోసం నాచు పట్టిన రాళ్ల మీద నిలబడటం అందరూ చేస్తారు, మీరు చేయకండి.

దోమలకు కిటికీలకు మెష్, బల్బులు పసుపువి. తెల్ల ట్యూబులైటు పెడితే తొలివానకు ఉసిళ్లు ఇల్లంతా నిండుతాయి. నీరుకట్టును చూసి భయపడనక్కర్లేదు, కట్లపాముకు భయపడాలి: రాత్రి ఇంట్లోకొస్తుంది, కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. కింద పడుకోవద్దు, దోమతెర పరుపు కిందికి దోపాలి. విషానికి విరుగుడు మందు ఏ ఆసుపత్రిలో ఉంటుందో ముందే కనుక్కోండి.

పడవ మోజు ఉంటే లక్నవరంలో టూరిజం వాళ్ల బోటు ఎక్కించండి. ఇక్కడ చేపలవాళ్లు కూర్చునే థర్మాకోల్ తెప్ప అలవాటు లేనివాళ్లకు వెంటనే తిరగబడుతుంది. సొంతంగా చిన్న పుట్టి, అంటే గుండ్రటి పడవ, కొంటే ఒక్కొక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. తొడిగాక భుజాల దగ్గర పట్టి పైకి లాగండి, చెవులదాకా లేస్తే సైజు పెద్దది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడు దాటితే గాలిదుమారం ఎప్పుడైనా లేస్తుంది, కాబట్టి పడవ పని పొద్దున తొమ్మిదిలోపు ముగించండి. ఉరుము వినబడగానే కట్ట కూడా దిగిపోండి, ఆ చుట్టుపక్కల ఎత్తయిన చోటు అదే.