నుదుటికి ఒప్పుకున్నది ఒకటి, చేసింది రెండు

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. గుంటూరులో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. నుదురు మరీ వెడల్పని చిన్నప్పటి నుంచీ ఏడిపించేవారు. ఎనిమిది నెలల కిందట హైదరాబాద్‌లో ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో రూ.2.80 లక్షలు కట్టి, హెయిర్‌లైన్ కిందికి దించే సర్జరీ చేయించుకున్నాను. మెలకువ వచ్చాక, కనుబొమల పైనున్న ఎముక కూడా అరగదీశామని చెప్పారు. నేను మత్తులో ఉండగా బయట మా అన్నయ్యతో సంతకం పెట్టించుకున్నారట. ఇప్పుడు మాడు మొద్దుబారింది, మచ్చ కనబడుతోంది, అద్దంలో ముఖం నాది కానట్టుంది. అడిగితే 'అన్నిటికీ సంతకం పెట్టారుగా' అంటున్నారు. కేసు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చమ్మా. అయితే మీరు చెప్పిన బాధలన్నిటికీ చట్టం దగ్గర ఒకే బరువు ఉండదు.

మొద్దుబారడం సంగతి ముందు చూద్దాం. వెంట్రుకల అంచున కోసి, నుదుటి చర్మం కొంత తీసేసి, వెనకున్న మాడును ముందుకు లాగి కుట్టడమే ఈ సర్జరీ. నుదుటి మీదుగా మాడుకు వెళ్లే సన్నని నరాలు ఆ కోతలో తెగుతాయి. కుట్ల వెనక భాగం నెలల తరబడి తిమ్మిరిగా ఉండటం, కొందరిలో కొంత మేర అలాగే మిగిలిపోవడం ఈ సర్జరీలో మామూలే. మచ్చ కూడా అంతే, పూర్తిగా సర్దుకోవడానికి ఏడాది పట్టొచ్చు. ఈ రెండూ వచ్చాయి కాబట్టి డాక్టర్ నిర్లక్ష్యం చేశాడంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోదు. ఇలా జరగొచ్చని మీకు ముందే చెప్పారా లేదా అన్నదే అడుగుతుంది. 'ముఖం నచ్చలేదు' అన్న వాదన అన్నిటికన్నా బలహీనం. దాని మీద కేసు నిలబెట్టకండి.

మీ అసలు కేసు ఎముక దగ్గరుంది. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది దాదాపు ఇలాంటి సంగతే. కడుపులో సమస్య ఏమిటో చూడటానికి మాత్రమే ఒప్పుకున్న 44 ఏళ్ల మహిళకు, మత్తులో ఉండగా గర్భసంచి, అండాశయాలు తీసేశారు. బయటున్న తల్లిని అడిగి ఒప్పించారు. మేజరై, తన నిర్ణయం తాను తీసుకోగలిగిన మనిషి కొద్దిసేపు మత్తులో ఉన్నంత మాత్రాన, ఆమె బదులు ఇంకొకరు ఒప్పుకుంటే చెల్లదని కోర్టు తేల్చింది. ఒక చికిత్సకు ఇచ్చిన సమ్మతి ఇంకో చికిత్సకు పనికిరాదు. ప్రాణాపాయమో, ఆగితే తీవ్రమైన హానో ఉంటేనే మినహాయింపు. కనుబొమల ఎముకను ఆ రోజే అరగదీయకపోతే మీకు వచ్చే ప్రాణాపాయం ఏముంది? కాబట్టి మీ అన్నయ్య సంతకం చూసి కంగారు పడొద్దు, ఆయన్ని తిట్టనూ వద్దు.

ఒక నిజం కూడా చెప్పాలి. ఆ కేసులో కోర్టు డాక్టర్ ఫీజు రద్దు చేసి, పరిహారంగా ఇప్పించింది రూ.25,000 మాత్రమే. గెలిచినా లక్షలు వస్తాయని లెక్కలు వేసుకోకండి.

ఇక క్లినిక్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కనుబొమల వెనక ఎముకలో గాలి గది ఉంటుంది, దాన్ని ఫ్రంటల్ సైనస్ అంటారు. దాని ముందు గోడ ఎంత మందమో సీటీ స్కాన్‌లో చూసుకున్నాకే అరగదీయడమా, లేక కోసి వెనక్కి జరిపి టైటానియం ప్లేట్లతో బిగించడమా అన్నది నిర్ణయిస్తారు. మీకు ముందే స్కాన్ తీయించారా? తీయిస్తే, ఎముక పని వాళ్ల ప్లాన్‌లో ముందే ఉన్నట్టు. మరి మీకెందుకు చెప్పలేదు? తీయించకపోతే, మందం తెలియకుండా ఎలా అరగదీశారు? ఎటు తిరిగినా జవాబు చెప్పుకోవడం వాళ్లకే కష్టం.

అందుకే ఈ వారమే కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, రెండు సమ్మతి పత్రాలు, స్కాన్ ఫిల్ములు కావాలని రాసి స్పీడ్ పోస్టులో పంపండి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అన్నయ్య సంతకం మీదున్న టైము ముఖ్యం. సర్జరీ మొదలయ్యాక పెట్టించినట్టు అందులోనే తేలిపోవచ్చు. కౌన్సెలర్ వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లు, ఫొటోలు చెరపకండి, ఫోన్ మార్చకండి. 'మచ్చ అస్సలు కనబడదు మేడమ్' అని నవ్వు బొమ్మతో పంపే మెసేజ్‌లు నా దగ్గరికొచ్చే ఇలాంటి ఫైళ్లన్నిట్లోనూ ఉంటాయి.

కేసు వేయడానికి హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరుండే గుంటూరు జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. మీరు కట్టింది రూ.5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు, మీకింకా 16 నెలలుంది. పోలీస్ కేసు జోలికి మాత్రం వెళ్లొద్దంటాను. 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు తర్వాత డాక్టర్ల మీద క్రిమినల్ కేసుకు మామూలు నిర్లక్ష్యం సరిపోదు, స్వతంత్ర వైద్యుడి అభిప్రాయం కూడా కావాలి.

మీ కేసు నోటీసు క్లినిక్‌కు అందాక 'ఉచితంగా సరిచేస్తాం, రండి' అని ఫోన్ రావచ్చు. వెళ్తే అక్కడ ఇంకో కాగితం ముందు పెడతారు, 'ఇకపై ఎలాంటి క్లెయిమ్ లేదు' అన్న వాక్యం సాధారణంగా చివరి పేరాలో ఉంటుంది. దాని మీద సంతకం పెట్టకుండా ఫొటో తీసి నాకు పంపండి.