పాత ఎంజీబీకి వెడల్పు టైర్లు: చలానా, బీమా, వింటేజ్ నంబర్ సంగతి

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటాం. మా దగ్గర 1972 నాటి ఎంజీబీ జీటీ (ఎంజీ కంపెనీ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది. కారుతో వచ్చిన 5 అంగుళాల వెడల్పు రోస్టైల్ స్టీలు వీల్స్ మీదే 165 ఎస్‌ఆర్ 14 టైర్లు (165 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 14 అంటే అంగుళాల్లో రిమ్ వ్యాసం) నడుస్తున్నాయి. ఆ సైజు దొరకడం కష్టమైంది. టైర్ల షాపులో 205/60 ఆర్14 (60 అంటే వెడల్పులో టైరు పక్కగోడ ఎత్తు శాతం) వేస్తామని, వెనక మడ్‌గార్డ్ లోపలి అంచు కొంచెం కొట్టేస్తే సరిపోతుందని అంటున్నారు. మా మెకానిక్ మాత్రం 185/70 ఆర్14 చాలంటున్నాడు. వీల్స్ మార్చకుండా టైరు వెడల్పు పెంచితే నేరమా? బీమా క్లెయిమ్ ఇస్తారా? త్వరలో వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు కూడా పెట్టుకోవాలనుకుంటున్నాను.

జవాబు: మెకానిక్ మాట వినండి. 185/70 ఆర్14ను సమర్థించుకోవచ్చు, 205/60ను సమర్థించుకోలేరు. ఇక మడ్‌గార్డ్ అంచు కొట్టడం మీరు పక్కమాటగా రాశారు గానీ, చట్టం దృష్టిలో మీకు ఎక్కువ చేటు చేసేది అదే.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట చెప్పిన వివరాలతో తేడా పడేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగానే చదివింది. తయారీదారు ఇచ్చిన అసలు స్పెసిఫికేషన్ మారకూడదని చెప్పి, కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును కొట్టేసింది. అదే ఏడాది చట్ట సవరణతో 182ఎ(4) వచ్చింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ.

ఇది చదివి కంగారు పడకండి. రిజిస్ట్రేషన్ ఫారాల్లో టైరు సైజు నింపాల్సిన గడి రవాణా వాహనాలకు ఉంటుంది, సొంత కారుకు ఉండదు. మీ ఆర్సీ తీసి చూసుకోండి. అందులో టైరు సైజు లేకపోతే, అరిగిన టైరు స్థానంలో అదే వీల్‌కు సరిపోయే టైరు వేశామనే వాదన మీకు ఉంటుంది. దానికి ఇంకొంత బలం ఎంజీ కంపెనీయే ఇచ్చింది. 1973లో వచ్చిన ఎంజీబీ జీటీ వీ8కు ఇదే బాడీ మీద, 5 అంగుళాల రిమ్ మీద 175 హెచ్‌ఆర్ 14 టైర్లు బిగించింది. మీ మోడల్‌కు అది నేరుగా అనుమతి కాదు, కానీ ఈ బాడీకి 165 కంటే వెడల్పు టైరు పరాయిది కాదని చూపించడానికి పనికొస్తుంది. ఇదంతా వాదనే తప్ప హామీ కాదని గుర్తుంచుకోండి. తయారీదారు చెప్పిన సైజు కానిదేదైనా మార్పేనని అధికారి పట్టుబట్టే వీలుంది.

ఆ వాదన నిలవాలంటే కొలతలు తోడుండాలి. 185/70 ఆర్14ను 4.5 నుంచి 6 అంగుళాల రిమ్‌కు వేయవచ్చు, మీ 5 అంగుళాలు ఆ హద్దులోనే ఉన్నాయి. దాని మొత్తం ఎత్తు సుమారు 615 మిల్లీమీటర్లు. పాత 165 టైరు 622 దగ్గర ఉంటుంది. తేడా ఒక శాతం చిల్లర కాబట్టి స్పీడోమీటర్ పెద్దగా తప్పదు. 205/60 ఆర్14కు కనీసం 5.5 అంగుళాల రిమ్ కావాలి, ఎత్తు 602కు దిగిపోతుంది. స్పీడోమీటర్ మూడు శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది.

స్పీడోమీటర్ కంటే పెద్ద సమస్య రిమ్ దగ్గర వస్తుంది. ఇరుకు రిమ్ మీద వెడల్పు టైరు ఎక్కిస్తే బీడ్లు (రిమ్‌ను పట్టుకునే టైరు లోపలి అంచులు) రెండూ దగ్గరకు నొక్కుకుపోయి ట్రెడ్ (రోడ్డుకు ఆనే భాగం) మధ్యలో ఉబ్బుతుంది. ట్రెడ్ అంచులు రోడ్డుకు ఆనవు, సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) పక్కకు ఊగుతుంది, వేడెక్కుతుంది. గాలి తగ్గి ఉన్నప్పుడు మలుపులో గట్టిగా తిప్పితే బీడ్ రిమ్ నుంచి జారొచ్చు. అంటే పట్టు పెంచుకుందామని డబ్బు పెట్టి ఉన్న పట్టు పోగొట్టుకుంటారు. అటువంటి టైరు వల్ల ప్రమాదం జరిగితే 190(1) సెక్షన్ కూడా తగులుతుంది. లోపం తెలిసి, లేదా తెలుసుకోగలిగి ఉండీ, బండి నడిపితే 1,500 వరకు జరిమానా. ఎవరికైనా గాయమైతే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 జరిమానా, లేదా రెండూ. రిమ్ హద్దు టైరు కంపెనీ పట్టికలోనే అచ్చయి ఉంటుంది కాబట్టి నాకు తెలియదనే మాట కోర్టులో నిలవదు.

మడ్‌గార్డ్ విషయానికి వద్దాం. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు 81ఎ నుంచి కొత్త నియమాలు చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి. వాహనం అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో మార్పు సహా పెద్ద మరమ్మతు జరిగి ఉండకూడదు. ఈ జాబితాలో టైరు పేరు లేదు, బాడీ షెల్ పేరు ఉంది. అంచు కొట్టినా, కోసినా, పైకి మడిచినా అది షెల్ మీద చేసిన పనే. 20,000 రూపాయల ఫీజు కట్టి తనిఖీకి తీసుకెళ్లాక రాష్ట్ర తనిఖీ కమిటీ ఆ సుత్తి దెబ్బలు చూపించి వద్దంటే మీ దగ్గర జవాబు ఉండదు. టైరు మళ్లీ మార్చుకోవచ్చు, కొట్టిన అంచును యథాస్థితికి తేవడం అంత తేలిక కాదు. వీల్‌ను బయటికి జరిపే స్పేసర్లు కూడా వద్దు.

ఇంకొకటి: వింటేజ్ నంబర్ వస్తే రోజువారీగా తిప్పడానికి లేదు. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు, అంతే. వారం వారం శంషాబాద్ దాకా షికారు కెళ్లే అలవాటుంటే, దరఖాస్తు చేసేముందు ఆలోచించుకోండి.

బీమాలో రెండు భాగాలను విడిగా చూడాలి. ఎదుటివారికి ఇవ్వాల్సిన పరిహారం నుంచి తప్పించుకోవడానికి కంపెనీకి 150వ సెక్షన్‌లో ఉన్న కారణాలు కొన్నే. టైరు సైజు వాటిలో లేదు. అయితే ముఖ్యమైన విషయం దాచి పాలసీ తీసుకున్నారన్నది ఉంది. మీ సొంత కారు నష్టం దగ్గరే పేచీ వస్తుంది. వాహనాన్ని సరైన స్థితిలో ఉంచలేదని సర్వేయర్ (నష్టం అంచనా వేసే వ్యక్తి) రాస్తాడు. ఆగి ఉన్న కారును లారీ గుద్దితే టైరుకూ నష్టానికీ సంబంధం లేదని వాదించొచ్చు. తడిరోడ్డు మీద మీ కారే జారి డివైడర్‌కు తగిలితే, 5 అంగుళాల రిమ్ మీద 205 టైరు ఫోటో ఒక్కటి చాలు. షరతు ఉల్లంఘన జరిగినా మొత్తం తిరస్కరించకుండా 75 శాతం వరకు ఇవ్వాలని అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అది వాహన వాడకంలో ఉల్లంఘన గురించిన కేసు. మీరు ఆధారపడొచ్చు గానీ, ముందే దానిమీద భరోసా పెట్టుకోకండి.

అందుకే టైర్లు కొనకముందే బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. పాత సైజు, కొత్త సైజు, రిమ్ వెడల్పు రాసి ఎండార్స్‌మెంట్ (పాలసీలో ఆ మార్పు నమోదు) అడగండి. టైరు కంపెనీ పట్టికలో రిమ్ హద్దు ఉన్న పేజీ, రిమ్ మీద కొట్టి ఉండే 5జె (5 అంగుళాల వెడల్పు అని చెప్పే గుర్తు) ఫోటో, పాత హ్యాండ్‌బుక్‌లో టైర్ల పేజీ జత చేయండి. ఇవే కాగితాలతో మీ ఆర్టీవోకు ఉత్తరం ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. జవాబు రాకపోయినా దాచలేదన్న రుజువు మిగులుతుంది. ఇది మార్పే అని ఆఫీసు అంటే 52వ సెక్షన్ ప్రకారం అనుమతి అడగాలి. అనుమతి లేకుండా మార్పు జరిగిపోతే 14 రోజుల్లో తెలపాలన్న నిబంధన ఉంది, అయితే తెలిపినంత మాత్రాన చేయకూడని మార్పు సక్రమం కాదు.

బిల్లు మీద సైజు, లోడ్ ఇండెక్స్, స్పీడ్ అక్షరం రాయించుకోండి. 88టి అంటే ఒక్కో టైరు 560 కిలోలు మోస్తుంది, గంటకు 190 కిలోమీటర్లు తట్టుకుంటుంది. సైడ్‌వాల్ మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. తయారీ వారం, ఏడాది చెప్పే నాలుగు అంకెలు చూడకుండా డబ్బు కట్టకండి. షోరూమ్‌లో ఏళ్ల తరబడి పడున్న టైర్లు పాత కార్ల వాళ్లకే అంటగడతారు.

బిగించాక ముందు చక్రాలను రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. వెనక సీటులో, డిక్కీలో బరువు వేసి టైరుకూ మడ్‌గార్డ్ అంచుకూ మధ్య ఖాళీ కొలవండి. ఎంజీబీలో వెనక యాక్సిల్ సరిగ్గా మధ్యలో ఉండకపోవడం మామూలే, ఒకవైపు ఖాళీ బాగా ఉండి రెండోవైపు రాసుకుంటుంది. అందుకే రెండు వైపులా కొలవాలి. పది మిల్లీమీటర్లు లేకపోతే 185 కూడా వద్దు, 175 వెతుక్కోండి. స్టెప్నీ సహా ఐదూ ఒకే సైజు వేయాలి. మీ దగ్గర వైర్ వీల్స్ సెట్ కూడా ఉంటే, వాటి రిమ్ 4.5 అంగుళాలే కాబట్టి 185 అక్కడ హద్దు అంచున ఉంటుంది, లోపల రేడియల్‌కు పనికొచ్చే ట్యూబ్ తప్పనిసరి.

ఇంతా చేశాక బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళ్లొచ్చు. దానికి ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.